గెత్సేమనే గిన్నె

ధ్యాన భాగములు: మత్తయి 26:36–46, లూకా 22:39–46, యోహాను 18:1–11



మన ప్రభువు సిలువకు అప్పగింపబడిన రాత్రి చేసిన ప్రార్థనను మీలో ఎరుగనివారు లేరు. శ్రమదినములు వచ్చినప్పుడెల్ల ఆ వాక్యభాగము మన గుడులలో చదువబడుచున్నది. ఆదివార బడి పిల్లలు సైతము దానిని కథగా చెప్పగలరు. ప్రభువు భోజనపు బల్ల యొద్దనుండి లేచి, శిష్యులతో కూడ కెద్రోను వాగు దాటి, ఒలీవల కొండ దిగువనున్న తోటకు వచ్చెను. గెత్సేమనే అనగా నూనె గానుగ. ఒలీవ పండ్లను నలిపి నూనె తీయు చోటు. అచ్చట ఆయన పేతురును యాకోబును యోహానును కొంత దూరము వెంటబెట్టుకొని పోయి, తన్ను కమ్ముకొనిన దుఃఖమును వారితో దాచక చెప్పి, నేలమీద బోర్లపడి ప్రార్థించెను. ఆ గిన్నె తన్ను తప్పి పోవునట్లు చేయుమని తండ్రిని వేడుకొనెను. అయినను తాను కోరినది కాదు, తండ్రి కోరినదే జరుగవలెనని లోబడెను. ఒకసారి కాదు, మూడుసార్లు ఆలాగు ప్రార్థించెను.

ఈ ప్రార్థనలోని చివరి మాటను మనము మిక్కిలి త్వరగా నేర్చుకొంటిమి. పంట పోయినను, బిడ్డ పోయినను, బ్రదుకుదెరువు పోయినను "దేవుని చిత్తము" అందుము. ఆ మాటను ఎవరు పలుకవచ్చును, ఎప్పుడు పలుకవచ్చును, ఎవరి కష్టమును గూర్చి పలుకవచ్చును అను సంగతిని మీతో కూడ ఆలోచింపవలెనని ఈ వ్యాసము వ్రాయుచున్నాను. ఇది పండితులకు మాత్రమే చెందిన ప్రశ్న కాదు. దీనిని నన్ను అడిగినది అక్షరము రాని ఒక తల్లి.

కొన్ని సంవత్సరముల క్రిందట నేను సంగారెడ్డి, పటాన్‌చెరుల నడుమనున్న ఒక సంఘములో సేవ చేయుచుండగా, మా సంఘములోని ఒక యౌవనుడు కర్మాగారములో జరిగిన ప్రమాదమున చనిపోయెను. తండ్రి లేని పిల్లవాడు. ఉన్న కొంచెము పొలము అమ్ముడుపోయిన తరువాత ఆ యింటికి అతని జీతమే ఆధారము. రాత్రి షిఫ్టుకు పోయినవాడు తెల్లవారి తిరిగి రాలేదు. భూస్థాపన దినమున నేను సమాధుల తోటలో నిలువబడి గెత్సేమనే భాగము చదివి, ఇది దేవుని చిత్తమనియు, ప్రభువు లోబడినట్లు మనమును లోబడవలెననియు బోధించితిని. వేదశాస్త్ర కళాశాలలో నేర్చుకొనిన రీతిగా మూడు అంశములుగా విభజించి చక్కగానే చెప్పితినని నాకు తోచెను.

మూడవ దినమున ప్రార్థన చేయుటకు ఆ యింటికి పోతిని. ఆ తల్లి గడప యొద్ద కూర్చుండియుండెను.

"అయ్యగారూ, ఒక్క మాట అడుగుత, కోపం జెయ్యకుర్రి" అనెను. "ఆడ పైపు లీకైతున్నదని నా కొడుకు నెల దినాల సంది చెప్పుకుంటనే ఉన్నడట. ఎవ్వలు పట్టించుకోలే. బాగు జేపియ్యంది మనుషులాయె, మరి దేవుని చిత్తం ఎట్లయితది?"

నాకు జవాబు దొరకలేదు. ప్రార్థన చేసి ఇంటికి వచ్చితిని.

నన్ను మరింత గాయపరచిన సంగతి తరువాతి ఆదివారమున జరిగెను. ఆరాధన ముగిసిన పిమ్మట, అదే పనిచోట కూలీలకు మేస్త్రీగానుండిన మా సంఘస్థుడొకడు నా చేతులు పట్టుకొని, "అయ్యగారూ, ఆనాడు మీ ప్రసంగం ఇన్నంక నా గుండె బరువు దిగింది. అంతా దేవుని చిత్తమే గదా" అనెను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా ప్రసంగము ఏడ్చుచున్న తల్లిని ఓదార్చలేదు. ఉపేక్ష చేసిన మనుష్యుని ఓదార్చినది. మేలుకొనవలసిన ఒక మనస్సాక్షికి నేను మత్తుమందు ఇచ్చితిని. అది కూడ ప్రభువు కన్నీటి ప్రార్థనలో కలిపి ఇచ్చితిని.

అప్పటినుండి ఆ భాగమును అనేక పర్యాయములు మోకాళ్లమీద చదివితిని. నేను ముందు చూడని మూడు సంగతులు నాకు కనబడెను. వాటిని మీ ముందుంచుచున్నాను.

మొదటిది, మన ప్రభువు ఆ గిన్నెను చూచినవెంటనే లోబడుదునని చెప్పలేదు. ముందు దానిని తొలగింపుమని అడిగెను. ఆయన చెమట రక్తపు బొట్లవలె నేలమీద పడెనని లూకా వ్రాసెను. ఆయన పెద్ద కేకలతోను కన్నీళ్లతోను వేడుకొనెనని హెబ్రీయుల పత్రిక ఐదవ అధ్యాయములో చదువుచున్నాము. పాపము లేనివాడు మరణమును చూచి వణకెను. కాబట్టి వణకుట పాపము కాదు. కష్టము వద్దని అడుగుట అవిశ్వాసము కాదు. దుఃఖములోనున్నవారు తమ మొదటి ప్రార్థన చేయకమునుపే మనము వారి నోట చివరి ప్రార్థన పెట్టుచున్నాము. ప్రభువునకు మూడు పర్యాయములు పట్టిన దానిని, బిడ్డను పోగొట్టుకొనిన తల్లి మూడు దినములలో ముగింపవలెనని మనము కోరుట న్యాయమా?

రెండవది, ఆయన లోబడినది తన గిన్నెకే. ఇతరుల గిన్నెను గూర్చి ఆయన ఆలాగు మాటలాడలేదు. కొద్ది సేపటికి దివిటీలతోను ఆయుధములతోను జనులు తోటలోనికి వచ్చినప్పుడు ఆయన చేసినదేమి? ముందునకు వచ్చి తన్ను తాను చూపించుకొని, తన్నే వెదకుచున్నయెడల తనతోనున్న వీరిని పోనియ్యవలెనని చెప్పెను. యోహాను సువార్త 18వ అధ్యాయములో ఈ సంగతియున్నది. తన కొరకు గిన్నెను పట్టుకొనినవాడు తన వారి పెదవులకు దానిని తగులనియ్యలేదు. దీనికి ఎదురుగా కయపను చూడుడి. ప్రజలందరు నశింపకుండ ఒక మనుష్యుడు చచ్చుట మేలని అతడు సభలో ఆలోచన చెప్పెను. తన గిన్నెను తాను ఎత్తుకొనుట గెత్సేమనే విధేయత. ఇతరుని నోటికి గిన్నె నందించి, ఇది దేవుని పని అని చెప్పుట కయప నీతి. ఆ భూస్థాపన దినమున నేను తోటలో నిలిచితిననుకొంటిని. నిజముగా కయప ముంగిట నిలిచియుంటిని.

మూడవది, తండ్రి చిత్తమునకు లోబడిన ఆ ప్రభువే మనుష్యుల తప్పును తప్పనియే చెప్పెను. మనుష్యకుమారుడు వ్రాయబడిన ప్రకారము పోవుచున్నాడని చెప్పిన నోటితోనే, ఆయనను అప్పగించువానికి శ్రమ అని చెప్పెను. ప్రధానయాజకుని యెదుట బంట్రౌతు చెంపమీద కొట్టినప్పుడు, తాను పలికినది చెడ్డదైతే రుజువు చేయుమని, మంచిదైతే ఎందుకు కొట్టుచున్నావని అడిగెను. తన్ను అప్పగించినవానికి ఎక్కువ పాపము కలదని పిలాతుతో చెప్పెను. చూచితిరా! దేవుని సంకల్పమును మనుష్యుని అపరాధమును ఆయన ఒకటిగా కలిపివేయలేదు. దేవుడు కీడులోనుండి మేలు తీయగలడు. కాని ఆయన మేలు తీసినందువలన కీడు చేసినవాడు నిర్దోషి కాడు.

సిలోయములో గోపురము కూలి పదునెనిమిదిమంది చచ్చిన సంగతియు జ్ఞాపకము చేసికొనుడి. వారు తక్కిన వారికంటె ఎక్కువ పాపులనుట సరికాదని ప్రభువు లూకా 13వ అధ్యాయములో స్పష్టముగా చెప్పెను. మరి గోపురములు కట్టువారిని గూర్చి వాక్యమేమి సెలవిచ్చుచున్నది? ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము ఎనిమిదవ వచనము తీయుడి. క్రొత్త ఇల్లు కట్టువాడు మిద్దెకు పిట్టగోడ కట్టవలెను. కట్టనందున ఎవడైనను పడి చచ్చినయెడల ఆ రక్తాపరాధము ఆ యింటిమీదికి వచ్చును. ధర్మశాస్త్రము అట్టి చావును దేవుని చిత్తమని త్రోసివేయక, పిట్టగోడ ఏదని అడుగుచున్నది. ఆ తల్లి నన్ను అడిగినదియు అదియే. ఆమె చదువనేరని వాక్యమును ఆమెయే నాకు బోధించెను.

ప్రభువు కెద్రోను వాగు దాటెను. మన ప్రాంతమునకును ఒక వాగు కలదు. పటాన్‌చెరు సీమగుండ పారి మంజీరలో కలియు నక్కవాగును మీలో అనేకులెరుగుదురు. 1970ల నుండి పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, ఖాజీపల్లి, గడ్డపోతారం ప్రాంతములలో కర్మాగారములు లేచెను. అవి మన బిడ్డలకు అన్నము పెట్టినవి. ఇచ్చట తయారగు మందులు దూరదేశముల రోగులకు స్వస్థత నిచ్చుచున్నవి. ఆ మేలును మరచుట కృతజ్ఞత కాదు. అయినను ఆ వాగు నీరు చెడిపోయెను. దాని ఒడ్డు పొలములు, బావులు, పశువులు ఏమాయెనో అచ్చటి రైతులెరుగుదురు. 2007లో స్వీడను దేశపు శాస్త్రజ్ఞులు ప్రకటించిన పరిశోధన ప్రకారము, సుమారు 90 మందుల కర్మాగారముల మురుగును శుద్ధిచేయు పటాన్‌చెరు కేంద్రమునుండి బయటికి వచ్చు నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉండెను. రోగికి మందు ఇచ్చినప్పుడు వాని రక్తములో ఉండు మోతాదుకంటెను అది ఎక్కువ. శుద్ధిచేసిన నీటి సంగతి ఇది!

ఈ గిన్నెను మన గ్రామములవారికి ఎవరు అందించిరి? పరలోకపు తండ్రియా? ఆ గ్రామస్థులు అట్లు తలంచి ఊరకుండలేదు. పటాన్‌చెరులో వైద్యుడైన డాక్టర్ అల్లాణి కిషన్‌రావు వంటివారు వారితో కూడ నిలిచి అనేక సంవత్సరములు పోరాడిరి; 1990లో ఆ వ్యాజ్యెము సుప్రీం కోర్టు వరకు పోయెను. గిన్నె తొలగవలెనని అడుగుట గెత్సేమనే ప్రార్థనలోని మొదటి సగమైనయెడల, వారు ఆ సగమును మనకంటె బాగుగా నెరవేర్చిరి.

2025 జూన్ 30వ తేది ఉదయమున పాశమైలారములో ఒక మందుల సంబంధమైన కర్మాగారములో ప్రేలుడు సంభవించి నలుబదిమందికి పైగా చనిపోయిరి. వారిలో అనేకులు బీహారు, ఒడిస్సా, ఉత్తరప్రదేశ్, ఝార్ఖండు వంటి దూరప్రాంతములనుండి కూలికి వచ్చినవారు. డి.ఎన్.ఏ. పరీక్షలచేత గాని కొన్ని దేహములను గుర్తింపలేకపోయిరి, కొందరివి దొరకనేలేదు. ఆ దినములలో కూడ మన ఇండ్లలో ఆ పాత మాటయే వినబడెను. నేను ఈసారి దానిని పలుకలేదు. నాకు ఆ తల్లి గడప జ్ఞాపకమాయెను.

అయితే మీలో ఒకరు ఈలాగు అడుగవచ్చును: "దేవుని చిత్తము లేకుండ ఏదైనను జరుగునా? ఆయన సర్వశక్తుడు కాడా?" ఇది మంచి ప్రశ్న, భక్తిగల ప్రశ్న. నా జవాబు ఇది. ప్రభువు నేర్పిన ప్రార్థనలో, పరలోకమందువలె భూమియందును తండ్రి చిత్తము నెరవేరవలెనని ప్రతిదినము అడుగుచున్నాము గదా. భూమిమీద జరుగుచున్నదంతయు ఇప్పటికే ఆయన కోరినదైనయెడల, అది నెరవేరవలెనని అడుగుటకు ఏమి పనియున్నది? ఆయన కోరనివి ఇచ్చట అనేకములు జరుగుచున్నవి గనుకనే ఆయన మనలను ఆలాగు అడుగుమని నేర్పెను. ఆయన వాటిని సహించుచున్నాడు. ఒకనాడు వాటికి లెక్క అడుగును. సహించుట వేరు, కోరుట వేరు.

అట్లయినయెడల "నీ చిత్తమే" అను ప్రార్థన మనకు అక్కరలేదా? అక్కరయే. కాని అది ఎవరి నోట ఏ సమయమున పరిశుద్ధమగునో తెలిసికొనవలెను. తోటలో ప్రభువునకు తప్పించుకొను మార్గముండెను. ఒలీవల కొండ చీకటిలో ఆయన బేతనియ వైపునకు నడచి పోవచ్చును. ఆయన త్రాగిన గిన్నె విధేయతకు కలిగిన వెల. సత్యమును విడువనందుకు మనకు కలుగు నష్టమే మన గిన్నె. తప్పించుకొను దారి తెరచియుండగా నిలిచి, "తండ్రీ, నాకు భయమగుచున్నది, అయినను నీ చిత్తమే" అని తన్ను గూర్చి తాను చెప్పుకొనువాడు గెత్సేమనేలో ఉన్నాడు. తీరని వ్యాధితో మంచమునబడిన విశ్వాసి తానే ఆ మాట చెప్పుకొనినయెడల, అదియు ఆ తోటయే. కాని మంచము ప్రక్కన నిలుచున్న మనము వాని తరపున చెప్పకూడదు.

ఆ మేస్త్రీ సంగతి చెప్పవలసియున్నది. నేను అతని ఇంటికి పోయి, నేను తప్పు బోధించితినని ఒప్పుకొంటిని. దేవుడు దింపని బరువును నేను దింపితినని చెప్పితిని. అతడు కోపగించెను. "అయ్యగారూ, నా పిల్లల్ని ఎవరు సాదుతరు?" అని అడిగెను. కొన్ని నెలలు గుడికి రాలేదు. అది నాకు కష్టమాయెను. అయినను నేను ముందు ఇచ్చిన నెమ్మదికంటె ఈ కష్టమే మేలని నమ్మి అతని కొరకు ప్రార్థించుచుంటిని. తరువాత ఒక సాయంకాలము అతడు ఆ తల్లి ఇంటికి పోయి, "నీ కొడుకు నాకు చెప్పిండు. నేను పైకి చెప్పలేదు" అనెనట. ఆమె మాటలాడలేదు. చాలసేపటికి లేచి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చెనట. విచారణ చేయువారి యెదుటను అతడు ఆ మాటయే చెప్పెను. అతని పని పోయెను. ఇప్పుడు సంతలో కూరగాయలమ్మి కుటుంబమును పోషించుకొనుచున్నాడు. చచ్చినవాడు తిరిగి రాలేదు. తల్లి దుఃఖము తీరలేదు. కాని "నీ చిత్తమే" అను మాటకు అర్థమేమో మా సంఘములో నాకంటె అతనికి ఎక్కువగా తెలియును. ఆ మాట అతనికి జీతమంత వెల పడినది.

ప్రియులారా, ఈ సంగతులను మీ జీవితములకు అన్వయించుకొనుడి.

చావు ఇంటికి పోవునప్పుడు త్వరపడి దేవుని చిత్తమని చెప్పకుడి. ప్రభువు తన స్నేహితులను వివరణ అడుగలేదు. మెలకువగా ఉండుమని మాత్రము అడిగెను. వారు అదియైనను చేయలేకపోయిరి. మనము చేయుదము. వంటచేసి పెట్టుదము, ప్రక్కన కూర్చుందము, ఏడ్చువారితో ఏడ్చుదము.

కర్మాగారములలో పనిచేయువారలారా, అపాయము కనబడినప్పుడు మౌనముగానుండుట వినయము కాదు. భోపాలు విపత్తు తరువాత 1987లో నాటి కర్మాగారముల చట్టమును సవరించినప్పుడు, ప్రాణాపాయమును గూర్చి హెచ్చరించు హక్కు కార్మికునికి కలదని అందులో వ్రాసిరి. లోకపు చట్టమే అంత చెప్పగా, వెలుగు సంబంధులమగు మనము నోరు మూసికొందుమా? ఒంటరిగా చెప్పుటకు భయమైనయెడల ఇద్దరు ముగ్గురు కలిసి చెప్పుడి. సంఘము మీ వెనుక నిలుచును గాక.

మేస్త్రీలును అధికారులునైనవారలారా, పిట్టగోడ కట్టించుడి. మీ చేతిక్రింది కూలివాడు మన భాష రానివాడైనను వాని తల్లియు ఏదో ఒక ఊరిలో గడప యొద్ద కూర్చుండి ఎదురుచూచుచున్నది.

సంఘ పెద్దలారా, మన మెదక్ సీమలో మన పూర్వులు చూపిన దారిని మరువకుడి. కరవు దినములలో పాస్నెట్ దొరగారు ఆకలిగొన్నవారికి కరవు దేవుని చిత్తమని చెప్పి పంపివేయలేదు. గుడి కట్టు పని పెట్టి వారికి అన్నము పెట్టెను. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన ఆ మెదక్ మహాదేవాలయము నేటికిని ఆ సంగతికి సాక్షిగా నిలిచియున్నది.

రాబోవు శ్రమల గురువారపు రాత్రి మనము గుడిలో చేరి మెలకువతో ప్రార్థింతుము. ఆ రాత్రియే మన రోడ్డు ప్రక్క కర్మాగారములలో రాత్రి షిఫ్టు వారు మేలుకొనియుందురు. వారిని జ్ఞాపకము చేసికొని ఈలాగు ప్రార్థింపుడి:

తండ్రీ, నీ కుమారుడు తనకు కలిగిన భయమును నీ యెదుట దాచలేదు. మా భయమునును నీ యెదుట దాచకుండ మాకు సహాయము చేయుము. ఇతరులకు మేము అందించిన చేదు గిన్నెలను నీ చిత్తమని పిలిచిన పాపమును క్షమించుము. తొలగింపదగిన దానిని తొలగించుటకు మాకు ధైర్యమును, నీ నిమిత్తము త్రాగవలసిన దానిని త్రాగుటకు విధేయతను దయచేయుము. తోటలో నీ కుమారుని బలపరచినట్లు, ఈ రాత్రి గడప యొద్ద కూర్చున్న తల్లులను బలపరచుము. ఆయన నామమున అడుగుచున్నాము. ఆమెన్.